వంచన, నటన, సత్యం: ‘ది స్టింగ్’ తెర వెనుక ఒక ధర్మవిచారం

లేనిదానిని ఉన్నట్టుగా చూపడం నటుడి వృత్తి, వంచకుడి వృత్తి కూడా అదే. ఇద్దరూ తమది కాని పేరుతో, తమది కాని వేషంతో ఎదుటివారి ముందు నిలబడి, జరగని దానిని జరుగుతున్నట్టు చూపడానికి మాటనూ చేతినీ చూపునూ సాధన చేస్తారు. అయినా లోకం ఒకరిని సత్కరించి మరొకరిని చెరసాలకు పంపుతుంది. ఈ భేదానికి ఆధారమేమిటన్న ప్రశ్న పైకి సులభంగా కనిపించినా, సత్యమంటే ఏమిటన్న మూలప్రశ్నను తాకకుండా దానికి సమాధానం చెప్పడం సాధ్యం కాదు. ఉన్నదానిని ఉన్నట్టు చెప్పడమే సత్యమైతే నటుడు నిత్యం అసత్యంలోనే బతుకుతున్నాడని ఒప్పుకోవలసి వస్తుంది; నటుడిని నిర్దోషిగా నిలబెట్టాలంటే సత్యానికి మరింత లోతైన నిర్వచనం వెతకవలసి ఉంటుంది.

గ్రీకు తత్త్వవేత్త ప్లేటో ‘రిపబ్లిక్’ పదవ అధ్యాయంలో మొదటి మార్గం పట్టి, అనుకరణ కళలు సత్యానికి మూడు అంతరువుల దూరంలో ఉన్నాయని తీర్పు చెప్పి, కవులను తన ఆదర్శరాజ్యం వెలుపలే నిలిపాడు. క్రీ.శ. 386, 387 సంవత్సరాలలో ‘సొలిలొక్వీస్’ అనే ఆత్మసంవాద గ్రంథాన్ని రాసిన క్రైస్తవాచార్యుడు ఆగస్టీన్ ఇంకొంత సూక్ష్మంగా ఆలోచించి, ఎదుటివారిని మోసపుచ్చాలని కోరేవారు వేరు, రంజింపజేయడానికి మాత్రమే లేనిది చెప్పేవారు వేరు అని విడదీశాడు. రోస్కియస్ అనే రోమన్ నటుడు రంగస్థలం మీద హెక్యూబా రాణిగా అబద్ధమే కావచ్చు, కానీ ఆ అబద్ధాన్ని సమర్థంగా నెరవేర్చడం వల్లనే అతడు నిజమైన నటుడయ్యాడని ఆయన గుర్తించాడు. భారతీయ సంప్రదాయంలో ఈ ప్రశ్నకు అతి పదునైన పరికరం పతంజలి యోగసూత్రాలకు వ్యాసభాష్యం అందించినది. యమాలలో ఒకటిగా, అంటే సాధకుడు పాటించవలసిన ప్రాథమిక నిగ్రహాలలో ఒకటిగా చెప్పిన సత్యాన్ని వివరిస్తూ ఆ భాష్యం, మాట పుట్టినది వక్తకు కలిగిన బోధను శ్రోతకు చేర్చడానికేనని, కనుక అది వంచించేదిగా గానీ, భ్రాంతితో కూడినదిగా గానీ, శ్రోతకు ఏ జ్ఞానమూ ఇవ్వని గొడ్డుమాటగా గానీ ఉండరాదని, ప్రాణులకు హాని చేసే మాట సత్యంలా కనిపించినా పాపమే అవుతుందని నిర్ణయిస్తుంది. ఈ నిర్వచనంలో సత్యానికి స్థానం మాటకూ వస్తువుకూ నడుమ మాత్రమే కాక, చెప్పేవాడికీ వినేవాడికీ నడుమ కూడా ఉంది. తక్కిన చర్చకంతటికీ ఇదే ఆధారం.

ఈ విచారణకు తగిన లక్ష్యం 1973 డిసెంబరు 25న అమెరికాలో విడుదలైన ‘ది స్టింగ్’ చలనచిత్రం. వంచకుల గురించిన కథను తెరకెక్కించడంలో వంచకుల ఉపాయాలన్నింటినీ చిత్రబృందం కూడా ఏదో ఒక రూపంలో ఆశ్రయించవలసి వచ్చింది గనుక, దాని నిర్మాణ విశేషాలు వినోదవార్తల స్థాయిని మించి తాత్త్విక ప్రాముఖ్యం గలవి. డేవిడ్ ఎస్. వార్డ్ రచనకు జార్జ్ రాయ్ హిల్ దర్శకత్వం వహించగా, పాల్ న్యూమన్, రాబర్ట్ రెడ్‌ఫర్డ్, రాబర్ట్ షా ప్రధాన పాత్రలు ధరించారు. 1936లో ఇలినాయ్ రాష్ట్రంలో జరిగే కథ ఇది. జానీ హుకర్ అనే యువ మోసగాడు తన గురువును చంపించిన డోయిల్ లానెగన్ అనే నేరసామ్రాజ్యాధిపతి మీద పగ తీర్చుకోవడానికి, హెన్రీ గాండార్ఫ్ అనే పండిపోయిన వంచకుడి సాయంతో షికాగోలో ఒక బూటకపు గుర్రప్పందేల దుకాణం నెలకొల్పి, అతడి దగ్గర 5 లక్షల డాలర్లు కాజేస్తాడు. పది విభాగాలలో ఆస్కార్‌కు ఎంపికై, ఉత్తమ చిత్రంతో సహా ఏడు పురస్కారాలు పొందిన ఈ చిత్రం ద్వారా, ముగ్గురు నిర్మాతలలో ఒకరైన జూలియా ఫిలిప్స్ ఉత్తమ చిత్ర పురస్కారం అందుకున్న తొలి మహిళా నిర్మాతగా నిలిచింది.

కథలోని బూటకపు దుకాణం కల్పన కాదు. లూయివిల్ విశ్వవిద్యాలయ భాషాశాస్త్రవేత్త డేవిడ్ మారర్ వంచకుల మధ్య తిరిగి, వారి వృత్తిభాషను సేకరించి 1940లో ప్రచురించిన ‘ది బిగ్ కాన్’ అనే గ్రంథంలో దానిని సవివరంగా వర్ణించాడు. మోసపోబోయే ధనికుడిని వారు ‘మార్క్’ అంటారు, అంటే గురి. ఆ గురి కోసమే అద్దె గదిలో నెలకొల్పే నకిలీ సంస్థకు ‘పెద్ద దుకాణం’ అని పేరు. అందులో గుమాస్తాలు, ఖాతాదారులు, ఫలితాలు చదివేవాడు, చేతులు మారే నోట్ల కట్టలు అన్నీ ఉంటాయి. నిజమైన ఖాతాదారుడు మాత్రం ఒక్కడే, ఆ సంగతి తెలియనివాడూ అతడొక్కడే. పందెం ఫలితాలు తంతి ద్వారా చేరే కాలంలో, తంతి కార్యాలయంలో తమ మనిషి ఉన్నాడనీ, ఫలితాన్ని కొద్ది నిమిషాలు ఆపి ముందుగా తమకు చెబుతాడనీ నమ్మించి, మొదట చిన్న మొత్తాలు గెలిపించి, చివరికి పెద్ద మొత్తం ఓడించడం ఆ ప్రయోగపు క్రమం.

ఇప్పుడు చిత్రనిర్మాణం వైపు చూస్తే, హిల్ బృందం చేసినది కూడా ఒక పెద్ద దుకాణమే. షికాగోలోని యూనియన్ స్టేషన్, లాసాల్ స్ట్రీట్ స్టేషన్ వంటి కొన్ని స్థలాలలో కొద్దిపాటి చిత్రీకరణ జరిగినా, తెర మీది షికాగోలో ఎక్కువ భాగం కాలిఫోర్నియాలోని యూనివర్సల్ స్టూడియో ఆవరణలో వేసిన సెట్టే. చిత్రం మొదలయ్యేటప్పుడు కనిపించే సంస్థ చిహ్నం కూడా 1930ల నాటిది. కళాదర్శకుడు హెన్రీ బమ్‌స్టెడ్, ఛాయాగ్రాహకుడు రాబర్ట్ సర్టీస్ గోధుమ, ముదురెరుపు ఛాయలతో కాలం మసకబారిన రంగుల పొందికను కల్పించగా, దుస్తుల రూపకర్త ఈడిత్ హెడ్ ఆ కాలపు వేషధారణను సిద్ధం చేసింది. అంకాల మధ్య కనిపించే శీర్షికచిత్రాలను యారోస్లావ్ గెబర్ పాత వారపత్రికల బొమ్మల శైలిలో చిత్రించాడు. 1930ల నాటి నేరచిత్రాలలో వీధి దృశ్యాలు దాదాపు నిర్మానుష్యంగా ఉండడం గమనించిన హిల్, తన చిత్రంలోనూ వీధులలో జూనియర్ ఆర్టిస్టులను దాదాపుగా నింపలేదు. ఈ నిర్ణయం మీద కొంత నిలిచి ఆలోచించవలసి ఉంది. నిజమైన 1936 నాటి షికాగో వీధులు జనంతో కిటకిటలాడుతూ ఉండేవి. హిల్ అనుకరించినది ఆ నగరాన్ని కాదు, ఆ నగరం గురించి అప్పటికే సినిమాలు మిగిల్చిన జ్ఞాపకాన్ని. సంగీతం ఇంకొక అడుగు ముందుకు వేసింది. మార్విన్ హామ్లిష్ ఈ చిత్రానికి అనువుగా మలచిన స్కాట్ జాప్లిన్ రాగ్‌టైమ్ బాణీలు, అంటే ఆఫ్రికన్ అమెరికన్ల పియానో సంప్రదాయం నుంచి వచ్చిన విరుపుల లయతో సాగే స్వరరచనలు, 1900 ప్రాంతాలవి. వాటిలో ప్రసిద్ధమైన ‘ది ఎంటర్‌టెయినర్’ 1902లో వెలువడింది, జాప్లిన్ 1917లోనే మరణించాడు. కథాకాలానికి ఆ సంగీతం ఒక తరం పాతది. పంచాంగం లెక్కన అది తప్పే అయినా, ఆ తప్పును ఏ ప్రేక్షకుడూ మోసంగా భావించలేదు, భావించవలసిన అవసరమూ లేదు. సినిమా తన శ్రోతకు చారిత్రక సాక్ష్యం ఇస్తానని మాట ఇవ్వలేదు గనుక ఆ మాట తప్పడమన్నది లేదు.

తెర వెనుక జరిగిన మూడు విషయాలు ఈ ప్రశ్నను మరింత దగ్గరగా తెస్తాయి. మొదటిది చేతులకు సంబంధించినది. రైలులో పేకాటకు సిద్ధమవుతూ గాండార్ఫ్ ముక్కలను అసాధారణ నైపుణ్యంతో కలిపే సన్నివేశంలో దగ్గరగా కనిపించే చేతులు ఆ పాత్రధారి న్యూమన్‌వి కావు. పేకముక్కల విద్యలో అమెరికాలోనే అగ్రగణ్యుడిగా పేరొందిన జాన్ స్కార్న్‌వి. ఆ స్కార్న్ తన జీవితంలో అధికభాగం జూదంలోని మోసాలను బయటపెట్టడానికే వినియోగించినవాడు, రెండో ప్రపంచయుద్ధకాలంలో సైనికులు జూదపు మోసగాళ్ళ చేతిలో జీతాలు పోగొట్టుకోకుండా వారికి ఆ కిటుకులను బోధించినవాడు. వంచకుడి చేతులుగా తెర మీద కనిపించినవి వంచననుంచి మనుషులను కాపాడిన చేతులన్నమాట. విద్య ఒక్కటే, వేళ్ళ కదలిక ఒక్కటే, ఆ విద్యను నడిపించే సంకల్పం మాత్రం వేరు. దోషం విద్యలో లేదనీ, ప్రయోక్త ఉద్దేశంలోనే ఉందనీ చెప్పే మాటకు ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

రెండవది కాలికి సంబంధించినది. లానెగన్ పాత్రధారి రాబర్ట్ షా చిత్రీకరణకు కొద్ది రోజుల ముందు బెవర్లీ హిల్స్‌లోని హోటల్ ఆటస్థలంలో తడినేల మీద జారిపడి కాలు గాయపరచుకున్నాడు. హిల్ అతడిని మార్చకుండా, ఆ కుంటినడకనే పాత్రకు ఆపాదించాడు. షా తన పాత్ర ధరించిన వెడల్పాటి పంట్లాము కింద కట్టు కట్టుకుని చిత్రమంతా నటించాడు. చూసేవారికి ఆ నడక పాత్రలో భాగంగానే కనిపిస్తుంది. ఇక్కడ తెర మీదికి వచ్చినది అబద్ధం కాదు, నిజమైన నొప్పి. కానీ అది నటనగా స్వీకృతమైంది. వంచనలో అబద్ధం నిజంగా చెలామణి అవుతుంది, ఇక్కడ నిజం అబద్ధంగా చెలామణి అయింది, ఎవరికీ నష్టం కలగలేదు. చూపినదానికీ ఉన్నదానికీ పొంతన ఉందా లేదా అన్న కొలతతో మాత్రమే సత్యాన్ని నిర్ణయిస్తే ఈ సన్నివేశాన్ని ఏ గడిలో పెట్టాలో తేలదు.

మూడవది నెత్తురు. మారర్ నమోదు చేసిన ప్రకారం, నిజమైన వంచకులు గురిని భయపెట్టి పారిపోయేలా చేయడానికి ఒక నకిలీ హత్యను ప్రదర్శించేవారు. తూటాలేని తుపాకీ పేలగానే, ‘చచ్చినవాడు’ నోట దాచుకున్న, కోడినెత్తురు నింపిన చిన్న తిత్తిని కొరికి రక్తం కక్కేవాడు. చిత్రం చివర గాండార్ఫ్, హుకర్ చేసేదీ ఇదే. అంటే వంచకుడు తన అబద్ధానికి నిజమైన రక్తం వాడాడు, నటుడు ఆ వంచకుడి పాత్రలో కృత్రిమ రక్తం వాడాడు. సామగ్రి లెక్కన చూస్తే వంచకుడే సత్యానికి దగ్గరగా ఉన్నాడు. అయినా నేరం అతడిదే.

ఈ చిక్కుముడిని విప్పడంలో భారతీయ రసశాస్త్రం చేసిన కృషి అసాధారణమైనది. అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి రాసిన ‘అభినవభారతి’ వ్యాఖ్యలో ఉదహరించిన శ్రీశంకుకుడి మతం ప్రకారం, రాముడి పాత్ర ధరించిన నటుడిని చూసినప్పుడు ప్రేక్షకుడికి కలిగే జ్ఞానం నాలుగు లౌకిక జ్ఞానాలలో దేనికీ చెందదు. ఇతడు రాముడే అన్న యథార్థజ్ఞానం కాదు, రాముడని పొరబడి తరవాత కాదని తెలుసుకునే మిథ్యాజ్ఞానం కాదు, రాముడో కాదో అన్న సంశయం కాదు, రాముడిలా ఉన్నాడన్న సాదృశ్యజ్ఞానమూ కాదు. గోడ మీది గుర్రపు బొమ్మను పిల్లలు గుర్రమనే అన్నట్టుగా, అది ఈ నాలుగింటికీ విలక్షణమైన ప్రతీతి; దీనికి చిత్రతురగ న్యాయమని పేరు. వంచకుడు కోరేది సరిగ్గా రెండవ రకపు జ్ఞానాన్ని, అంటే మిథ్యాజ్ఞానాన్ని. అతడి దుకాణాన్ని గురి నిజమైన దుకాణమని పొరబడకపోతే ఆ శ్రమంతా వ్యర్థమే. నటుడికి ఆ పొరపాటు అవసరమే లేదు. ప్రేక్షకుడు షికాగో సెట్టును నిజమైన షికాగో అని నమ్మి, తెరలోకి నడవబోతే కళ నెరవేరదు, భంగపడుతుంది.

అభినవగుప్తుడు శంకుకుడి సిద్ధాంతాన్ని పూర్తిగా అంగీకరించకపోయినా, భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణాన్ని తన విధంగా స్వీకరించాడు. సాధారణీకరణమంటే, తెర మీది భావం ఫలానా మనిషిది, ఫలానా కాలానిది, నాది, పరాయిది అనే కట్టుబాట్లు విడిపోయి అందరికీ సమానమైన అనుభవంగా మారడం. రసాస్వాదనకు అడ్డుతగిలే విఘ్నాలలో సొంత సుఖదుఃఖాలలో మునిగిపోవడం ఒకటని ఆయన లెక్కించాడు. నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలోని కథ ఈ సంగతినే పురాణరూపంలో చెబుతుంది. దేవతలు అసురులను జయించిన ఇతివృత్తంతో తొలి నాట్యం ప్రదర్శించినప్పుడు అసురులు అది తమ మీద జరిగిన దాడిగా భావించి ప్రయోగాన్ని భగ్నం చేయగా, బ్రహ్మ వారిని సముదాయించి, నాట్యం మీ ఒక్కరిదీ కాదు, దేవతలదీ కాదు, మూడు లోకాల భావాలనూ తిరిగి పలికించేదని వివరించాడు. అసురుల తప్పు నమ్మడం కాదు, నాటకంలో తమ స్వార్థాన్ని వెతకడం. లానెగన్ చేసే పనీ ఇదే. పందేల దుకాణంలో జరిగే ప్రతి కదలికలో అతడికి కనిపించేది తన డబ్బు, తన పరువు, తన పగ. వంచకుడు గురిని ‘నాది’ అన్న భావంతోనే బంధిస్తాడు, నటుడు ప్రేక్షకుడిని ఆ భావంనుంచి కాసేపు విడిపిస్తాడు. ప్రయోగవిధానం ఒకటే అయినా ఫలం పూర్తిగా ఎదురు దిశలో ఉండడానికి కారణం ఇదే.

ఒకే దృశ్యాన్ని ఇద్దరు వేర్వేరు ప్రేక్షకులు చూసే అరుదైన అవకాశాన్ని ఈ చిత్రపు ముగింపు కల్పిస్తుంది. ప్రభుత్వ దర్యాప్తు అధికారులు దుకాణం మీద పడతారు, హుకర్ తనకు ద్రోహం చేశాడని తెలిసి గాండార్ఫ్ అతడిని కాలుస్తాడు, అధికారి గాండార్ఫ్‌ను కాలుస్తాడు. హత్యకేసులో ఇరుక్కుంటాడన్న భయంతో లానెగన్‌ను అక్కడినుంచి బయటికి లాగేస్తారు. అతడు వెళ్ళగానే చచ్చినవాళ్ళు లేచి నిలబడతారు. ఆ అధికారులు కూడా ముఠా మనుషులేనని అప్పుడే తెలుస్తుంది. ఆ క్షణం వరకు సినిమాహాలులోని ప్రేక్షకుడూ, తెర మీది లానెగన్ కూడా సరిగ్గా ఒకే అబద్ధాన్ని నమ్మారు, ఎందుకంటే ఆ అధికారుల అసలు రూపాన్ని దర్శకుడు ప్రేక్షకుడికి కూడా చెప్పకుండా దాచాడు. అబద్ధం ఒకటే, రక్తం ఒకటే, నమ్మకం ఒకటే. ఒకరికి అది వంచనగా, మరొకరికి వినోదంగా మారడానికి ఉన్న తేడా ఆ తరవాతి కొద్ది క్షణాలలోనే ఉంది. ప్రేక్షకుడికి దాచినదంతా తిరిగి ఇచ్చారు. లానెగన్‌కు ఎప్పటికీ ఇవ్వరు, ఇవ్వకుండా ఉండడమే ఆ పథకానికి ప్రాణం. వ్యాసభాష్యం భాషలో చెప్పాలంటే, చిత్రం తన శ్రోతకు చివరికి బోధను చేర్చింది, గాండార్ఫ్ తన శ్రోతకు బోధ చేరకుండా తలుపు మూసేశాడు.

తెలుగునాట పగటివేషగాళ్ళ సంప్రదాయం ఈ ధర్మసూక్ష్మాన్ని ఏ శాస్త్రగ్రంథమూ లేకుండానే పాటించింది. రంగస్థలం, తెర, దీపాల వంటి హద్దులేవీ లేకుండా పట్టపగలు ఊరి వీధిలోకి సోమయాజులుగానో, దొరగానో, అర్ధనారీశ్వరుడిగానో వచ్చే ఆ కళాకారులు, వేషం నిజమనిపించేంతగా చూపరులను నమ్మించగలిగినవారు. వారు రోజుకొక వేషం కట్టి, చివరి రోజున తామెవరో చెప్పుకుని సంభావన పుచ్చుకునేవారు. మోసపోయిన గృహస్థు ఆ సంభావన ఇవ్వడమంటే తన భ్రాంతిని తానే ఆమోదించడం. వేషం నిజమని భ్రమింపజేసి ఆ భ్రమలోనే డబ్బు గుంజుకునేవాడు దొంగ. భ్రమను తానే తొలగించిన తరవాత చేయి చాచేవాడు కళాకారుడు. డబ్బు ఏ క్షణంలో చేయి మారిందన్నది ఇక్కడ చిన్న విషయం కాదు.

అయితే అక్షరాలా నిజం చెప్పి మోసగించడం సంగతేమిటన్న ప్రశ్న మిగిలి ఉంది, ఈ చిత్రం దానినీ తప్పించుకోలేదు. లానెగన్‌కు ఫోనులో అందే చివరి సందేశం లక్కీ డాన్ అనే గుర్రం మీద ‘ప్లేస్’ చేయమని చెబుతుంది. పందెం కాయమనడానికి వాడే ఆ మాటే అమెరికా గుర్రప్పందేలలో, గుర్రం రెండో స్థానంలోపు వస్తుందని కాసే ప్రత్యేక పందానికి కూడా పేరు. లానెగన్ దానిని మొదటి అర్థంలో తీసుకుని, గుర్రం గెలుస్తుందని 5 లక్షల డాలర్లు కాస్తాడు. ఆ తరవాత వచ్చిన ముఠా మనిషి, గుర్రం రెండో స్థానంలో వస్తుందనే తాను చెప్పానని నిర్ఘాంతపోయినట్టు నటిస్తాడు. మహాభారత ద్రోణపర్వం చదివినవారికి ఇది కొత్త కాదు. ద్రోణుడి కొడుకు పేరే గల అశ్వత్థామ అనే ఏనుగును భీముడు చంపిన తరవాత, తన కొడుకు గురించి ద్రోణుడు సత్యవాదిగా పేరొందిన ధర్మరాజునే అడగగా, అతడు అశ్వత్థామ హతుడయ్యాడని పైకి చెప్పి, ఏనుగు అన్న మాటను వినబడనంత మెల్లగా పలికాడు. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన అతడి రథం ఆ క్షణంలో నేలను తాకింది. వ్యాసభాష్యానికి టీక రాసిన వాచస్పతిమిశ్రుడు, వంచించే మాటకు ఉదాహరణగా సరిగ్గా ఈ ఘట్టాన్నే ఎంచుకున్నాడు. మాటకు వస్తువుతో పొంతన కుదిరినా, వక్త మనసులోని బోధ శ్రోతకు చేరలేదు గనుక అది అసత్యమేనని ఆయన నిర్ణయం. ఈ నిర్ణయాన్ని అంగీకరించినవారు, అబద్ధపు రక్తంతో నటించిన న్యూమన్‌ను సత్యం పక్షాన, అక్షరసత్యం పలికిన ధర్మరాజును ఆ ఒక్క క్షణానికి వంచన పక్షాన నిలబెట్టక తప్పదు. ఈ ముగింపు కటువుగా తోచినా, ఇతిహాసమే ఆ రథాన్ని నేలకు దించింది గనుక దీనిని శాస్త్రవిరుద్ధమని అనలేరు.

చిత్రనిర్మాణంలో నిజమైన ధర్మసంశయం తలెత్తినది తెర మీద కాదు, తెర వెలుపల. చిత్రం విడుదలయ్యాక మారర్, తన గ్రంథంలోని విషయాన్ని అనుమతి లేకుండా వాడుకున్నారని 1974లో దావా వేశాడు. వార్డ్ తాను అనేక ఆధారాలు పరిశీలించి రాశానని వాదించాడు. గాండార్ఫ్ అనే పేరు కూడా ఎవరి కల్పనా కాదు, ఆ ఇంటిపేరుగల వంచక సోదరులు చరిత్రలో నిజంగా ఉన్నవారే. న్యాయస్థానం తీర్పు చెప్పకముందే పరిహారంతో రాజీ కుదిరింది గనుక, ఎవరిది తప్పన్న నిర్ణయం జరగలేదు. అయినా ఈ వివాదం ఒక సంగతిని స్పష్టం చేస్తుంది. కల్పన ఎంత స్వేచ్ఛగా ఉన్నా ప్రేక్షకుడు క్షమిస్తాడు. ఋణాన్ని చెప్పుకోవడంలో ఉండే సత్యం మాత్రం కల్పనకు చెందదు, అది ఇద్దరు మనుషుల మధ్య లౌకికధర్మానికి చెందుతుంది.

ఇక మిగిలినది, ఈ చిత్రం ప్రేక్షకుడి మనస్సాక్షికి ఇచ్చే ఊరట. లానెగన్ హంతకుడు, రైలు పేకాటలో తానే ముక్కలు మార్చి మోసం చేసినవాడు. అంతకన్న గట్టి మోసంతో ఓడిపోయినా, తన మోసం బయటపడుతుందన్న భయంతో నోరు మెదపలేనివాడు. తంతి ఫలితాన్ని ముందే దొంగిలించి గెలవాలని ఆశించడం ద్వారా అతడు ఈ నేరంలో భాగస్వామి కూడా. మారర్ వర్ణించిన గురులు హంతకులు కారు, పెద్దమనుషులుగా చెలామణి అయిన వ్యాపారులు, ధనికులు. కానీ అప్పనంగా వచ్చే సొమ్ము కోసం అక్రమానికి సిద్ధపడినవారే. గీత పదహారవ అధ్యాయం కామాన్ని, క్రోధాన్ని, లోభాన్ని నరకానికి మూడు ద్వారాలుగా చెబుతుంది. లానెగన్‌ను ముందు క్రోధం లోపలికి లాగింది, తరవాత లోభం తలుపు మూసింది. పదవ అధ్యాయంలో భగవానుడు తన విభూతులను, అంటే లోకంలో తన తేజస్సు విశేషంగా కనిపించే తావులను చెబుతూ, వంచించేవారిలో జూదం తానేనని కూడా అంటాడు. ఆ మాటను వంచనకు ఆమోదముద్రగా చదివేవారున్నారు. కానీ శక్తి ఎక్కడ ఉత్కటంగా ఉన్నా దాని మూలం ఒకటేనని చెప్పడమే ఆ అధ్యాయపు ఉద్దేశం తప్ప, శకునిని ఆదర్శంగా నిలపడం కాదు. భారతకథలో ఆ జూదం ఎన్ని కులాలను నాశనం చేసిందో వ్యాసుడు దాచలేదు.

నిజాయితీపరుడిని ఎవరూ మోసగించలేరన్న నానుడి వంచకలోకం తనను తాను సమర్థించుకోవడానికి పుట్టించుకున్నది. ‘ది స్టింగ్’ ఆ నానుడిని సుందరంగా నమ్మిస్తుంది, అక్కడే ఆ చిత్రాన్ని జాగ్రత్తగా చూడవలసి ఉంది. నేటి భారతదేశంలో ‘డిజిటల్ అరెస్టు’ పేరిట సాగుతున్న దోపిడీ ఆ పెద్ద దుకాణపు నేటి రూపమే. వీడియో కాల్‌లో పోలీసు దుస్తులు, వెనుక పోలీసుస్టేషన్ గోడ, నకిలీ ఉత్తర్వులు, కొన్నిసార్లు నకిలీ న్యాయమూర్తి సైతం కనిపిస్తారు. నిజమైన ఖాతాదారుడు ఒక్కడే, ఆ సంగతి తెలియనివాడూ అతడే. కానీ ఇక్కడ గురి అయ్యేవారిలో ఎక్కువమంది లోభులు కారు. ఏ నేరమూ చేయని విశ్రాంత ఉద్యోగులు, ఒంటరిగా ఉంటున్న వృద్ధులు, చట్టమంటే గౌరవం ఉన్నందువల్లనే, పరువు పోతుందని భయపడినందువల్లనే జీవితకాలపు పొదుపును ధారపోస్తున్నారు. లోభం మీద నిలబడిన సమర్థన భయం మీద నిలబడదు. ఈ బాధితులను ఆశపోతులని నిందించడం వంచకుడి వాదాన్ని అతడి తరఫున వినిపించడమే. తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటా ఇటువంటి కేసులు పెరగడంతో 2024 అక్టోబరులో ప్రధానమంత్రి తన ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ప్రజలను హెచ్చరించగా, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు తన పేరుతో సృష్టించిన నకిలీ ఉత్తర్వుల విషయాన్ని తనంతట తానే విచారణకు స్వీకరించింది. భారత చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేదు; ఏ పోలీసు అధికారీ, ఏ న్యాయమూర్తీ వీడియో కాల్‌లో మనిషిని నిర్బంధించి డబ్బు బదిలీ చేయమని అడగరు. అటువంటి పిలుపు వచ్చినవారు దానిని అక్కడికక్కడే తెంచివేసి, ఇంట్లోవారికి చెప్పి, 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.